మూతలు తీసి ఉన్నప్పుడు

కత్తెర మొన వరి పువ్వు అడుగును తెంచింది. పట్టకారుతో ఆ పువ్వును పైకొసన పట్టుకుని గాజు పళ్ళెం అంచుకు ఒక్కసారి తట్టాడు. లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులూ జెల్లీ మీద రాలాయి. పసుపు కలిసిన తెలుపు, నువ్వుగింజ కంటే సన్నం. ఖాళీ పొట్టును పక్క గిన్నెలో పడేసి ఇంకో పువ్వు అందుకున్నాడు. తెంచడం, పట్టడం, తట్టడం. మధ్యలో ఊపిరి తీసుకోడు. పళ్ళెం మీద మూత పెట్టాక, తల పక్కకు తిప్పి, అప్పుడు తీసుకుంటాడు. ఇవాళ మూత పెట్టాక కూడా ఊపిరి సరిగ్గా అందడం లేదు.

కారణం రాత్రి కూతురు అడిగిన మాట.

"రేపు సాయంత్రం బస్సుకి సీటు తీసుకున్నా నాన్నా. నువ్వు వద్దంటే మానేస్తా. నాకైతే ఏమీ తేలట్లేదు. నువ్వే చెప్పు, ఉండమంటావా, వెళ్ళమంటావా?"

"చూద్దాం" అన్నాడు.

"ఎప్పుడు చూద్దాం, బస్సెళ్ళిపోయాకా?"

"పొద్దున."

పొద్దున టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. "మరి?" అంది. "సాయంత్రం చెప్తాలే" అని గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాడు. టీ సగం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఇక్కడ కూర్చుని పువ్వులు తడుతున్నాడు. ఉండమనాలా, వెళ్ళమనాలా? ఒక పువ్వు తట్టినప్పుడు ఉండమనాలనిపిస్తోంది. రెండో పువ్వుకి, నేనెవర్ని ఆపడానికి అనిపిస్తోంది. మూడో పువ్వుకి అసలు ఆ పిల్ల ఏ జవాబు వినాలనుకుంటోందో అర్థం కాక చెయ్యి ఆగిపోతోంది.

ఈ మనిషి సంగతి తెలియాలంటే ముందు ఆ గది సంగతి తెలియాలి. వరి వంగడాల పరిశోధన కేంద్రంలో మెట్లు దిగి నడవా చివరికి వెళ్తే వస్తుంది. కిటికీ లేదు. గోడవారగా అద్దాల అర ఒకటి, దాని వెనక నుంచి వడగట్టిన గాలి రయ్యిమని వీస్తూ ఉంటుంది. పక్కన స్పిరిట్ దీపం. ఆ గదికి ఒకటే నియమం: పళ్ళేల మూతలు తీసి ఉన్నప్పుడు నోరు మూసి ఉండాలి. మాట్లాడితే నోట్లోంచి కంటికి కనపడనివి నానా రకాలూ పడతాయి. జెల్లీలో పంచదార ఉంటుంది కదా, ఇంకేం, వాటికి పండగే. నాలుగు రోజుల్లో బూడిదరంగు బూజు పళ్ళెమంతా కమ్ముకుంటుంది. మిగతావాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని పని చేస్తారు. ఇతను కట్టుకోడు, కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనపడదు. "ఆయనకి మాస్కెందుకండీ, నోరే కుట్టేసుకున్నాడుగా" అని సీసాలు కడిగే అక్క ఒకసారి అంటే అందరూ నవ్వారు. అప్పటి నుంచి అతని పేరు మౌని. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి మాత్రం గుర్తుంది.

ఇక అక్కడ చేసే పని. అదో వింత. మామూలుగా పుప్పొడి వెళ్ళి పువ్వులోని అండాన్ని కలిస్తే గింజ. తల్లి వాటా ఒకటి, తండ్రి వాటా ఒకటి. ఇక్కడ పుప్పొడిని ఎక్కడికీ వెళ్ళనివ్వరు. తిత్తిలో పచ్చిగా ఉండగానే పట్టుకొచ్చి, జెల్లీ మీద పడేసి, చీకట్లో పెడతారు. కొన్ని వారాలకు ఆ రేణువు తన దారి తాను మర్చిపోతుంది. వెళ్ళి ఎవరినో కలవాల్సినదాన్నన్న ధ్యాస పోయి, అక్కడికక్కడే ముద్ద కట్టి, మొలకెత్తి, మొక్కై కూర్చుంటుంది. దానిలో ఒక్క వాటానే ఉంటుంది. అందుకే గిడసబారిపోతుంది, పూస్తుంది కానీ గింజ పట్టదు. వేళ్ళను ఒక విషపు మందులో ముంచి తీస్తే ఉన్న వాటానే రెండింతలవుతుంది. అప్పుడు గింజ పడుతుంది, ఆ గింజ వేస్తే అచ్చుగుద్దినట్టు అదే మొక్క వస్తుంది. కొత్త వంగడం నిలకడగా రావాలంటే ఏళ్ళకేళ్ళు పంట మీద పంట వేసి చూడాల్సిన పని ఇలా చప్పున తేలిపోతుంది.

మౌనికి ఈ పని చేతికి ఎప్పుడో వచ్చేసింది. బుర్రకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. కంకికి పైనుండే పోటాకుకీ దాని కింది ఆకుకీ మధ్య ఎడం చూసి, పొట్ట మీదున్న ఏ కంకి కోయాలో చెప్పగలడు. చల్లటి పెట్టెలో ఎన్నాళ్ళుంచాలో తెలుసు. తల్లి లేకుండా మొక్క ఎలా పుడుతుందన్న దగ్గర మాత్రం ప్రతిసారీ తలకాయ గోక్కుంటాడు.

ఆ గదిలో నోరు మూసుకోవడం అలవాటైన మనిషి బయట కూడా తెరవడం మానేశాడు. పెళ్ళి కూడా అతను అడిగి చేసుకున్నది కాదు. కేంద్రం గేటు ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ దగ్గరికి, ఊడిపోని బొత్తాలు కూడా కుట్టించుకోవడానికి వెళ్తూ ఉండేవాడు. కట్టుకున్నవాడు వదిలేసిపోతే చిన్నపిల్లతో బతుకుతోంది. కొన్నాళ్ళు చూసి చూసి ఆవిడే, "ఇలాగైతే ఇద్దరం ముసలివాళ్ళమైపోతాం. నేనే అడుగుతున్నా, నన్ను చేసుకుంటావా?" అంది. తల ఊపాడు. ఆవిడ మాటల పుట్ట. ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేది. పిల్ల బడికి కొత్త సంచీ కావాలంటే, అతను గోడకేసి చూస్తూ ఉంటే, "కొంటానంటున్నాడు మీ నాన్న" అని చెప్పేది. అతను అన్నం ముందు నుంచి చప్పుడు చేయకుండా లేస్తే, "ఉప్పెక్కువైందంటున్నాడు" అనేది. ఎలా తెలిసేదో ఏమో, ఎప్పుడూ తప్పు పోలేదు.

పిల్ల మొదట్లో అతన్ని ఏమనీ పిలిచేది కాదు. ఒకరోజు పక్కింటి ప్రహరీ ఎక్కి, దిగడం చేతకాక, "నాన్నా!" అని అరిచింది. ఎవర్ని పిలుస్తోందా అని అతను అటూ ఇటూ చూశాడు, పాపం. తనకేనని తెలిశాక పరుగెత్తుకెళ్ళి గోడ కింద నిలబడ్డాడు. దూకమని నోటితో అనలేదు, చేతులు చాపాడంతే. దూకేసింది. ఆ రోజంతా అతనికి చేతులు నొప్పి పుట్టాయి, ఆ నొప్పి ఎంతో బాగుంది.

ఆవిడ జబ్బు చేసి పోయింది. పోయి కొన్నేళ్ళయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ తండ్రీకూతుళ్ళ మధ్య ఇతను ఏమంటున్నాడో చెప్పేవాళ్ళు లేరు. అయినా ఏదోలా నెట్టుకొచ్చారు. పిల్ల పెద్దదై చదువు ముగించి పని వెతుక్కుంటూ ఉండగా, వదిలేసిపోయిన ఆ మనిషి ఫోన్ చేశాడు. దూరంగా వేరే ఊళ్ళో అచ్చుపని దుకాణం పెట్టుకున్నాడట. ఒంట్లో బాగుండటం లేదట. "నా పక్కన నా మనిషంటూ ఒకరుండాలి, వచ్చెయ్. దుకాణం నువ్వే చూసుకుందువు గాని" అన్నాడట. ఒకసారి వెళ్ళి చూసి వచ్చింది. ఏం చూసిందో చెప్పలేదు, ఇతను అడగలేదు. 'నా మనిషి' అన్న మాట మాత్రం కూతురి నోట విన్న దగ్గర్నుంచి ముల్లులా గుచ్చుకుని కూర్చుంది.

భోజనం వేళకి గది బయటికొచ్చి నడవాలో బల్ల మీద కూర్చున్నాడు. సీసాలక్క తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడింది. వయసులో అతని కంటే పెద్దది. పగలంతా వేణ్ణీళ్ళలో సీసాలు కడిగి కడిగి ఆవిడ వేళ్ళ కొసలు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి.

"ఏం తమ్ముడూ, డబ్బా తెరిచి చూస్తూ కూర్చుంటే తిండి దానంతటదే కడుపులోకి నడిచిపోతుందా?"

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "అమ్మాయి వెళ్తానంటోంది" అన్నాడు.

సీసాలక్క ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మౌని తనంతట తాను ఒక మాట అనడం ఆవిడ ఎరగదు.

"ఎక్కడికి?"

"వాళ్ళ నాన్న దగ్గరికి."

"వాళ్ళ నాన్నవి నువ్వు కాదూ! ఆఁ, ఆ పోయినోడి దగ్గరికా? ఇప్పుడొచ్చాడా సిగ్గులేనోడు! మరి నిన్నేమంది?"

"ఉండమంటావా, వెళ్ళమంటావా అనడిగింది."

"ఓసింతేనా!" సీసాలక్క మొహం విప్పారింది. "ఆడపిల్ల అలా అడిగిందంటే ఏంటి అర్థం? ఉండమని నీ నోటితో అనిపించుకోవాలని. వెళ్ళాలనుకున్నది అడుగుతుందా? పెట్టె సర్దుకుని పోతుంది."

"పెట్టె కూడా సర్దుకుంది."

"ఆఁ? సర్దేసుకుందా?" మొహం మళ్ళీ ముడుచుకుంది. "అయితే పోవాలనే ఉందన్నమాట. అడ్డం పడకు తమ్ముడూ. రేపు ఏదైనా తేడా వస్తే నీవల్లే నా బతుకిలా అయిందంటుంది. జన్మంతా మోయాలి ఆ మాట."

"అడిగింది కూడా కదా."

"అదీ నిజమే. అడిగి సర్దుకుందా, సర్దుకుని అడిగిందా?"

అతను గుర్తు చేసుకోబోయాడు. నిన్న సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పెట్టె మంచం మీద ఉన్న మాట నిజం. మూసి ఉందా, తెరిచి ఉందా? బట్టలు లోపలున్నాయా, పక్కనున్నాయా? కళ్ళముందు పెట్టె కనపడుతోంది, దానిలో ఏముందో కనపడటం లేదు.

"తెలీదు" అన్నాడు.

"నీకు తెలిసిందేంటి నా తండ్రీ!" అని సీసాలక్క తల కొట్టుకుంది. తర్వాత జాలేసి తన డబ్బాలోంచి ఒక అరటిపండు తీసి అతని ఒళ్ళో పెట్టింది. "ఏదో ఒకటి చెప్పు. ఏది చెప్పినా ఫర్వాలేదు, నోరు తెరిచి చెప్పు. ఊరికే అలా నిలబడి మాత్రం ఉండకు."

అరటిపండు తినలేదు. జేబులో పెట్టుకుని, మొలకలు పెంచే వెలుతురు గదిలోకి వెళ్ళాడు. అక్కడ అరల నిండా సీసాలు, సీసాకో పిలక. చాలావరకు పచ్చనివి. కొన్ని మాత్రం కాగితంలా తెల్లగా ఉంటాయి. పుప్పొడి నుంచి పుట్టినవాటిలో అలాంటివి వస్తూనే ఉంటాయి, కారణం వెతుక్కోనక్కర్లేదు. జెల్లీలో పంచదార ఉన్నంతకాలం పెరుగుతాయి, మట్టిలో పెడితే చచ్చిపోతాయి. ప్రతి సీసా మీదా చీటీ. ఏ వంగడాన్ని ఏ వంగడంతో కలిపిన సంకరమో రాసి ఉంటుంది. అక్కడ ఉన్నవాటిలో చాలావాటిని తట్టి రాల్చిన చెయ్యి తనది. అది చీటీలో రాయరు. రాయాల్సిన పని లేదు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టనైనా తట్టని ఆలోచన అది. ఇవాళ ఎందుకు వచ్చిందా అని తన మీద తనకే విసుగేసింది. మళ్ళీ కింది గదికి వెళ్ళి చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని కూర్చున్నాడు.

మిగిలిన కంకులు కొన్నే. ఆ సంకరంలో ఈ పంటకారుకి అవే చివరివి. మొక్కలు కోసేశారు, మళ్ళీ కావాలంటే వచ్చే కారు దాకా ఆగాలి. నాలుగు పళ్ళేలు వరసగా పెట్టి, మూతలు తీసి, తల లోపలికి వంచాడు. వయసుతో చూపు ఆనక ఈమధ్య బాగా దగ్గరికి వంగుతున్నాడు. తెంచడం, పట్టడం, తట్టడం.

సాయంత్రం ఏమనాలో మనసులో కూర్చుకోసాగాడు. 'వెళ్ళకు' అంటే ఆజ్ఞలా ఉంటుంది. 'నీ ఇష్టం' అంటే విసిరికొట్టినట్టుంటుంది. 'నాకోసం ఉండు' అనడానికి నేనేమైనా మంచాన పడ్డానా? 'ఉండిపోమ్మా' అంటే? బాగానే ఉంది. మరీ గట్టిగా లేదు, మరీ చప్పగా లేదు. కానీ అలాంటి మాట తన గొంతులోంచి వస్తే ఎలా ఉంటుందో అతనికి తెలీదు. ఎప్పుడూ వినలేదు కదా.

"ఉండిపోమ్మా" అన్నాడు. "వెళ్ళకు. నువ్వు వెళ్ళిపోతే నేనుండలేను."

మాట బయటికి వచ్చింది. గాలి మర రయ్యిమంటోంది. నాలుగు పళ్ళేలూ మూతలు తీసి మూతి కిందే ఉన్నాయి. ఒకదాని అంచు మీద చిన్న తుంపర మెరుస్తోంది.

మూతలు గబగబా పెట్టాడు, ఒకటి జారి బల్ల మీద దొర్లింది. పెట్టాక పెట్టి ఏం లాభం అనిపించింది. ఇన్నేళ్ళలో తుమ్ము వస్తే ముక్కు నలుపుకుని బయటికి పరుగెత్తినవాడు, దగ్గు వస్తే కళ్ళనీళ్ళు వచ్చేదాకా మింగినవాడు, ఇవాళ ఎవరూ లేని గదిలో వరి పువ్వులకి నిండు వాక్యాలు చెప్పాడు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

లేచి మెట్లెక్కి మేడమ్ గదికి వెళ్ళాడు. ఆ ప్రయోగశాలకి ఆవిడే పెద్ద. జుట్టు ముందే నెరిసింది, మాట నెమ్మది.

"మూతలు తీసి మాట్లాడాను మేడమ్. నాలుగు పళ్ళేలు. చివరి కంకులవి."

మేడమ్ కలం కింద పెట్టి అతనికేసి చూసింది. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"మీరా? మాట్లాడారా? ఎవరితో?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండా ఎలా మాట్లాడారండీ?"

ఏం చెప్తాడు? ఆవిడ కాసేపు చూసి, "సరే, పారేయకండి. వేరే అరలో పెట్టండి. వారం చూద్దాం. బూజు పడితే పడుతుంది, లేకపోతే మన అదృష్టం" అంది. చివరి కంకులన్న బాధ ఆవిడ మొహంలో కనపడుతూనే ఉంది, అయినా మాటలో రానివ్వలేదు.

అతను వెళ్ళలేదు. తలుపు దగ్గర నిలబడి, "ఒకటి అడగనా మేడమ్?" అన్నాడు.

"అడగండి."

"పుప్పొడి మొక్కకి మందు పెట్టాక రెండో వాటా వస్తుంది కదా. అది ఎవరిది?"

"కొత్తగా ఎవరిదీ రాదు. దానిలో ఉన్నదే ఇంకోసారి."

"జెల్లీది ఏమీ రాదా?"

"జెల్లీదా?" ఆవిడకి నవ్వొచ్చింది. "దాన్లో ఉన్నవి పంచదారా, లవణాలూ. మొక్క తింటుంది, పెరుగుతుంది. జెల్లీ గుణాలు మొక్కకి ఎందుకొస్తాయండీ?"

తల ఊపాడు. అదే అనుకున్నాడు తనూ. మొహంలో ఏం కనపడిందో ఏమో, మేడమ్ నవ్వు ఆపేసింది.

"అలాగని అది లేకపోతే మొక్క ఎక్కడిది చెప్పండి? నెలల తరబడి దాని మీదే కదా బతికింది."

ఇదీ నిజమేనాయె. రెండూ నిజాలైతే ఇక మనిషి ఏం చేయాలి? అతనికి ఎటూ పాలుపోలేదు. "ఇవాళ కాస్త ముందుగా వెళ్ళనా?" అనడిగాడు. ఎప్పుడూ అలా అడిగినవాడు కాదు. వెళ్ళమంది. ఇంట్లో అంతా బాగున్నారా అని కూడా అడిగింది. బాగున్నామన్నాడు.

దారంతా ఆ మాటనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ నడిచాడు. ఉండిపోమ్మా. ఒకసారి నోరు తిరిగింది కదా, ఇంకోసారి తిరగదా? వీధి మలుపులో సైకిళ్ళు బాగుచేసే దుకాణం, పాలబూత్, తాళం వేసిన చాకలి బండి, అన్నీ దాటాడు. మెట్ల దగ్గర ఆగి, ఆ మాటే ఇంకోసారి అనుకుని ఎక్కాడు.

తలుపు తెరిచే ఉంది. కూతురు తల దువ్వుకుని, బయటికెళ్ళే బట్టల్లో కుర్చీలో కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచింది.

"ఇంత తొందరగా వచ్చేశావేంటి!"

"పర్మిషన్ అడిగాను."

"నువ్వా? నోరు తెరిచి?" ఆ పిల్ల మొహం దీపం పెట్టినట్టయింది. దగ్గరికి వచ్చి నిలబడింది. "చెప్పు మరి."

అతను చుట్టూ చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదేమో. ఇల్లంతా తుడిచి ఉంది. తన చొక్కాలు ఇస్త్రీ చేసి వరసగా పేర్చి ఉన్నాయి. రక్తపోటు మాత్రలు అలమరలో నుంచి తీసి కంటికి కనపడేలా బల్ల మీద పెట్టి ఉన్నాయి. చిరిగిన దిండు గలీబు కుట్టి ఉంది. పెట్టె గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది, ఈసారి మూసే ఉంది, అనుమానం లేదు. అన్నీ చక్కబెట్టేసుకుందన్నమాట అనుకున్నాడు. అన్నీ తేల్చుకుని, పెంచాడు కదా అని మర్యాదకి అడుగుతోంది. ఇప్పుడు ఉండిపోమ్మా అంటే ఏమవుతుంది? ఉంటుంది. ఆ పిల్ల గుణం తనకి తెలుసు, ఉండిపోతుంది. ముసలి మనిషికి మందులందిస్తూ, దిండ్లు కుడుతూ, కన్నవాడికి దూరంగా, చేతికందిన బతుకుతెరువు వదులుకుని ఈ రెండు గదుల్లో ఉండిపోతుంది. అలా పట్టి ఉంచడానికి తనకేం వాటా ఉందని?

నోరు తెరిచాడు. ఊపిరి బిగబట్టాడు.

"బస్సుకి టైమవుతోంది కదా" అన్నాడు.

ఇంకా ఏదో వస్తుందని ఆ పిల్ల చూసింది.

"అంతేనా?"

"చేరగానే ఫోన్ చెయ్యి."

"ఫోన్‌లో నువ్వేం మాట్లాడతావు నాన్నా" అని నవ్వింది. నవ్వు మధ్యలో విరిగింది. మొహం అటు తిప్పుకుని పెట్టె పిడి పట్టుకుంది. "అమ్మ ఉంటే చెప్పేది, నువ్వేమంటున్నావో."

పెట్టె అతనే మోశాడు. బస్టాండు దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. జేబులో అరటిపండు గుర్తొచ్చి తీసిచ్చాడు. తీసుకుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అద్దం జరిపి, అంచు మీద రెండు చేతులూ పెట్టుకుని, అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. డ్రైవర్ ఎక్కాడు. కండక్టర్ విజిల్ వేశాడు. "వెళ్ళొస్తా నాన్నా" అంది. "ఊఁ" అన్నాడు. బస్సు కదిలాక చెయ్యి ఎత్తాడు, అప్పటికి ఆమె కిటికీ దాటిపోయింది. వెనక సీటులో ఎవరో ముసలాయన తనకేననుకుని చెయ్యి ఊపాడు.

తిరిగొస్తూ మంచిపనే చేశానని తనకి తాను చెప్పుకున్నాడు. నాలుగడుగులు వేసేసరికి అది అబద్ధమనిపించింది. ఇంకో నాలుగడుగులకి, అబద్ధమైతే మాత్రం పిల్ల బాగుంటే చాలదా అనిపించింది. ఏడుపొచ్చింది. వీధిలో ఏడవడం ఏమిటని ముక్కు ఎగబీల్చాడు. వెళ్తానని ఆ పిల్ల ఒక్కసారైనా అందా? సీటు తీసుకున్నానంది. వద్దంటే మానేస్తానంది. వెళ్తానని మాత్రం... గుర్తు రాలేదు. అందేమో. ఇంటి తాళం తీస్తూ కూడా ఆలోచించాడు, తేలలేదు.

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి దీపం వేశాడు.

పొయ్యి పక్కన గట్టు మీద స్టీలు గిన్నె ఉంది. దానిలో శనగలు నానబోసి ఉన్నాయి. రేపు అతనికి సెలవు. సెలవు రోజు పొద్దున్నే శనగలు ఉడికించడం, గుమ్మంలో కూర్చుని ఇద్దరూ చెరో గిన్నెడు తినడం ఆ ఇంటి అలవాటు. ఆ పిల్ల ఎప్పుడూ గ్లాసుతో కొలవదు, గుప్పిళ్ళతో పోస్తుంది, తన వంతుకి ఇన్ని, నాన్న వంతుకి ఇన్ని. వేళ్ళు ముంచి చూశాడు. బాగా నానాయి. అంటే మధ్యాహ్నమే పోసింది. సీటు తీసుకున్నాక, పెట్టె సర్దుకున్నాక, మాత్రలు తీసి బల్ల మీద పెట్టాక, అతను రావడానికి ముందు. చేతి అలవాటుకొద్దీ పోసిందేమో అనుకోవాలని చూశాడు. కాసేపు గట్టిగానే ప్రయత్నించాడు.

గిన్నెలో శనగలు ఉబ్బి, నీళ్ళన్నీ పీల్చేసుకుని, అంచు దాకా వచ్చి ఉన్నాయి, ఇద్దరికి సరిపడా.